వీరభద్రంగారి రెండు జవాబులు

ఆ టోపీ మీద డాక్టర్ హైమవతికి మొదట్లో నమ్మకం లేదు.

కాకినాడలో ఇరవై రెండేళ్లుగా ఆమె చేస్తున్నది ఉపశమన వైద్యం. నయం కాని జబ్బులతో వచ్చినవాళ్ల నొప్పి తగ్గించడం, ఇంటివాళ్లకు ధైర్యం చెప్పడం, ఏ చికిత్స ఎప్పుడు ఆపాలో తేల్చడం ఆమె పని. ఆ చివరి దాంట్లోనే చిక్కంతా ఉండేది. స్పృహ లేని మనిషికి ఏం కావాలో ఎవరికి తెలుస్తుంది? కొడుకు ఒకటంటాడు, తమ్ముడు ఇంకొకటంటాడు, భార్య ఏమీ అనదు. అందరి మాటలూ విని, మంచం మీద కళ్లు మూసుకుని పడుకున్న మనిషి మొహం కాసేపు చూసి, హైమవతి ఏదో ఒకటి చెప్పేది. ఆ చెప్పింది తప్పేమోనని ఇంటికెళ్లాక అన్నం సహించని రోజులు చాలానే ఉన్నాయి.

అందుకే రెహానా అనే ఇంజనీరు తన ప్రయోగశాల నుంచి ఆ టోపీ పట్టుకొచ్చినప్పుడు హైమవతి నమ్మలేదు గానీ, పొమ్మనీ అనలేకపోయింది. రెహానా దానికి పెట్టుకున్న పేరు 'సమ్మతి'. వార్డులో నర్సులూ ఆయాలూ మాత్రం టోపీ అనే అనేవారు. ఈతగాళ్లు పెట్టుకునే టోపీలా ఉండేది. లోపలంతా బఠాణీ గింజలంత లోహపు బిళ్లలు. మెదడులో ఏ భాగం పని చేస్తోందో అవి పసిగట్టి, తెర మీద గీతలుగా చూపిస్తాయి.

మొదట ఆ టోపీ పెట్టింది వీరభద్రానికి. ఆయన ఉప్పాడలో జాందానీ చీరలు నేసే మనిషి. వయసు యాభై ఎనిమిది. మెదడులో నరం చిట్లి, చెయ్యీ కాలూ రెప్పా ఏదీ కదలకుండా ఐదు నెలలుగా వెంటిలేటర్ మీద ఉన్నాడు. ఆయనకున్నది ఒక్కతే కూతురు, చంద్రకళ. ముప్ఫై రెండేళ్లు. తల్లి చిన్నప్పుడే పోయింది. ఉప్పాడ జాందానీ మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుని నేస్తారు. పద్నాలుగో ఏట నుంచీ తండ్రి పక్కన ఆ రెండో మనిషి చంద్రకళే.

రెహానా ఆమెను రెండు సంగతులు అడిగింది. మీ నాన్నగారికి కళ్లు మూసుకున్నా వచ్చే పని ఏది? దానికి ఏ పోలికా లేని ఇంకో పని ఏది?

"మగ్గమేనండి," అంది చంద్రకళ. కాసేపు ఆలోచించి, "పొద్దున్నే ఒక్కడూ సముద్రం ఒడ్డంట నడిచొచ్చేవాడండి. వాన పడినా మానేవాడు కాదు," అంది.

రెహానా వీరభద్రం చెవి దగ్గర వంగి నెమ్మదిగా వివరించింది. జవాబు అవునైతే మగ్గం మీద కూర్చుని నేస్తున్నట్టు తలుచుకోవాలి. కాదైతే సముద్రం ఒడ్డున నడుస్తున్నట్టు తలుచుకోవాలి. మగ్గానికి తెర మీద ఆకుపచ్చ గీత లేస్తుంది, నడకకు నీలం గీత.

"మీ పేరు వీరభద్రమా?" అని అడిగింది.

అర నిమిషం గడిచింది. హైమవతి తన చేతి గడియారం చూసుకుంది. అప్పుడు ఆకుపచ్చ గీత మెల్లిగా పైకి లేచింది. మీది తుని ఊరా అని అడిగితే నీలం గీత లేచింది. మీ అమ్మాయి పేరు చంద్రకళా అన్న ప్రశ్న పూర్తవకుండానే ఆకుపచ్చ గీత తెర పైఅంచుకు తగిలింది.

చంద్రకళ తండ్రి చెయ్యి పట్టుకుని, "ఐదు నెల్ల నుంచీ అంతా వింటానే ఉన్నావా నాన్నా?" అని అడిగింది.

ఆకుపచ్చ గీత.

అప్పటిదాకా నిలదొక్కుకున్న ఆ పిల్ల నేల మీద కూర్చుండిపోయి ఏడ్చింది. హైమవతికి మాత్రం ఏడుపు రాలేదు. మూడు నెలల కిందట ఇదే మంచం కాళ్ల దగ్గర నిలబడి, చదువుకునే డాక్టర్లకు ఆమె చెప్పిన మాట గుర్తొచ్చింది. 'ఈయన లోపల ఇంకేమీ మిగల్లేదు.' ఆయన అదీ విన్నాడన్నమాట.

ఆ వారమే ఆమె ఆసుపత్రి నైతిక సంఘం ముందు ఒక నియమం పెట్టింది. రోగి గురించి ఏ మాటైనా రోగి వినేలా అతని ఎదుటే మాట్లాడాలి. బంధువుల్ని వరండాలోకి తీసుకెళ్లి గుసగుసగా తేల్చుకోవడం ఇక ఉండకూడదు. చికిత్స ఆపాలంటే రోగి సమ్మతీ దగ్గరి బంధువు సమ్మతీ రెండూ ఉండాలి. సంఘంలో అందరూ ఒప్పుకున్నారు. అధ్యక్షుడు ఆమెను మెచ్చుకున్నాడు కూడా. ఇన్నేళ్ల ఉద్యోగంలో తాను చేసిన మంచి పని ఇదొక్కటేనని హైమవతి అనుకుంది. చాలా కాలం అలాగే అనుకుంటూ వచ్చింది.

రెండు వారాల తర్వాత అసలు ప్రశ్న వచ్చింది. హైమవతి మంచం పక్కన కుర్చీ వేసుకుని వీరభద్రానికి ఏదీ దాచకుండా చెప్పింది. కాళ్లూ చేతులూ మళ్లీ కదలవు. మిషను మీద ఏళ్ల తరబడి ఉండొచ్చు. వద్దంటే, ఆయాసం తెలియకుండా మందులిచ్చి మిషను తీసేయవచ్చు. చంద్రకళ ఇవతల నిలబడి విన్నది. డాక్టరు అడగబోతుంటే, నేనడుగుతానని ముందుకొచ్చింది.

"ఉంటావా నాన్నా?"

ఆకుపచ్చ గీత లేచింది. చంద్రకళ తలాడించి, తండ్రి దుప్పటి సర్దింది. ఆ తర్వాత రోజూ అదే వరస. మధ్యాహ్నం ఉప్పాడలో బస్సెక్కి, నాలుగింటికల్లా వార్డుకొచ్చి, తండ్రి మొహం తుడిచి, టోపీ పెట్టించి అదే ప్రశ్న అడిగేది. రోజూ ఆకుపచ్చ గీతే. ఆరున్నర బస్సుకు వెళ్లిపోయేది.

కార్తీక మాసంలో వాయుగుండం పట్టింది. ఉప్పాడ దగ్గర కెరటాలు బీచి రోడ్డును కోసేసి బస్సులు ఆగిపోయాయి. చంద్రకళ రెండు రోజులు రాలేకపోయింది. టోపీ సరిగ్గా పని చేస్తోందో లేదో రోజూ చూసుకోవాలి గనక, ఆ బుధవారం పొద్దున రెహానా, హైమవతి ఇద్దరే వీరభద్రం దగ్గర కూర్చున్నారు. పేరు అడిగారు, ఊరు అడిగారు. గీతలు సరిగ్గానే లేచాయి. అలవాటు కొద్దీ హైమవతి ఆ ప్రశ్న కూడా అడిగేసింది.

"మిషను మీద ఉంటారా, వీరభద్రంగారూ?"

నీలం గీత లేచింది.

రెహానా వైర్లన్నీ చూసింది. టోపీ తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ అడిగారు. నీలం గీతే. మిషను తీసేయమంటారా అని తిప్పి అడిగారు. ఆకుపచ్చ గీత నిలకడగా, ఏ తొట్రుపాటూ లేకుండా లేచి అలాగే నిలబడింది.

కూతురు పక్కనుంటే మగ్గం దానంతటదే గుర్తొచ్చి ఆకుపచ్చ గీత లేస్తోందేమోనని రెహానాకు అనుమానం వచ్చింది. రోడ్డు బాగయ్యాక చంద్రకళ ఎదుట, టోపీ పరీక్ష అని చెప్పి, మీది తుని ఊరా అని అడిగి చూశారు. నీలం గీతే లేచింది. మగ్గం గుర్తొచ్చి కాదన్నమాట. వారం రోజులు రకరకాలుగా చూశారు. కూతురు గదిలో ఉంటే ఉంటానంటాడు. ఆమె వెళ్లిపోయాక అడిగితే ఉండనంటాడు. ఎన్నిసార్లు అడిగినా అంతే. ఆ తర్వాతి నెలల్లో టోపీ పెట్టిన ఇంకో తొమ్మిది మందిలో ఆరుగురు సరిగ్గా ఇలాగే చెప్పారు.

"ఏది అసలు జవాబు మేడమ్?" అని రెహానా అడిగింది.

మరుసటి బుధవారం పొద్దున హైమవతి వీరభద్రాన్నే అడిగింది. "ఈ సంగతి మీ అమ్మాయికి చెప్పమంటారా?"

నీలం గీత అంత ఎత్తు లేవడం ఆమె అంతకు ముందెప్పుడూ చూడలేదు.

ఆ రోజు ఆమె, రెహానా భోజనాల గదిలో చాలాసేపు వాదించుకున్నారు. చంద్రకళకు చెప్పి తీరాలని రెహానా పట్టుబట్టింది. చెప్పకపోతే ఈ టోపీ ఎందుకు తయారు చేసినట్టని నిలదీసింది. నోరున్న రోగి ఒక మాట దాచమంటే డాక్టరు దాచదా, గీతలతో మాట్లాడే రోగికి ఆ హక్కు పోతుందా అని హైమవతి ఎదురడిగింది. కూతురి సమ్మతి లేనిదే మిషను తీయడానికి లేదు. సమ్మతి అడగాలంటే తండ్రి మాట బయట పెట్టాలి. పోనీ, తండ్రి మాట ఎత్తకుండా ఆమె మనసులో ఏముందో మాత్రం కనుక్కోవచ్చు కదా అని రెహానా అంది. ఎక్కడ కనుక్కోవాలి? ఆయన ఎదుటే కదా అడగాలి, ఆయన ఎదుట ఆమె రోజూ అడుగుతున్నది 'ఉంటావా నాన్నా' అనే కదా అంది హైమవతి. నియమం తనే పెట్టింది. తనే తప్పితే ఇంకెవరు పాటిస్తారు?

మార్గశిరంలో ఒక ఆదివారం హైమవతి ఉప్పాడ వెళ్లింది. తుఫానుకు వాళ్ల వీధిలో రెండిళ్లు సముద్రంలో కలిసిపోయాయని విని, చూసొద్దామని బయల్దేరింది. చంద్రకళ ఆమెను లోపల కూర్చోబెట్టి, వంకాయ కూర, పప్పుచారు వండి పెట్టింది. ముందు గదిలో మగ్గం ఉంది. దాని మీద సగం నేసిన మామిడిపిందెల చీర అలాగే ఆగిపోయి ఉంది. మీద పాత లుంగీ కప్పి ఉంది. తండ్రి కూర్చునే వైపు ఆయన తువ్వాలు మడత పెట్టి ఉంది. వేలితో తాకితే దుమ్ము అంటింది. ఈ పిల్ల తండ్రిని వదులుకోలేదని హైమవతి ఆ క్షణాన తేల్చేసుకుంది.

బస్టాపు దాకా చంద్రకళ తోడొచ్చింది. దారిలో రెండుసార్లు ఏదో చెప్పబోయి ఆగింది. చివరికి, "మీతో ఒక మాటండి. నాన్న గురించి," అంది.

"ఆయన గురించి ఏదైనా ఆయన ఎదుటే మాట్లాడుకుందాం అమ్మా. అదే ధర్మం," అంది హైమవతి. చంద్రకళ సరేనండి అంది. బస్సు వచ్చింది.

ఆ మాట చంద్రకళ మళ్లీ ఎత్తలేదు. హైమవతీ అడగలేదు.

ఏడాది గడిచింది. సాయంత్రాలు ఆకుపచ్చ గీత, బుధవారం పొద్దున నీలం గీత. బుధవారాలు మానేద్దామని హైమవతి చాలాసార్లు అనుకుంది, మానలేకపోయింది. ఆయన నిజం చెప్పుకునేది ఆ ఒక్క పూటే, అదీ లేకుండా ఎలా చేయను అనుకునేది. వీరభద్రానికి వీపున పుళ్లు పడ్డాయి. గొంతులో గొట్టం శుభ్రం చేసిన ప్రతిసారీ నొప్పా అని అడిగితే అవుననేవాడు. మందు మోతాదు పెంచేవారు. ఊపిరితిత్తుల్లో రెండుసార్లు నెమ్ము చేరింది. ఆ రెండుసార్లూ కూతురి ఎదుట మందు వెయ్యమన్నాడు, వేశారు, బతికాడు. మీ అమ్మాయికి చెప్పనా అని హైమవతి నెలకోసారి అడిగేది. వద్దనేవాడు.

ఒక బుధవారం ఆమె ఉండబట్టలేక, "నా మీద కోపంగా ఉందా వీరభద్రంగారూ?" అని అడిగింది. తెర మీద ఏ గీతా లేవలేదు. పది నిమిషాలు చూసి టోపీ తీసేసింది.

ఆ ఏడు ఆషాఢంలో రెహానా ఉద్యోగం మానేసి బెంగళూరు వెళ్లిపోయింది. వెళ్లే ముందు హైమవతి చేతులు పట్టుకుంది గానీ, కళ్లలోకి చూడలేదు.

మూడోసారి నెమ్ము చేరినప్పుడు మందులు పని చేయలేదు. మధ్యాహ్నం రెండింటికి వీరభద్రం పోయాడు. చంద్రకళ అప్పటికి బస్సులో ఉంది. ఆమె వచ్చేసరికి హైమవతి దగ్గరుండి ఆయన తల దువ్వించి, గొట్టాలన్నీ తీయించింది. చంద్రకళ తండ్రి నుదుటి మీద చెయ్యి వేసి చాలాసేపు నిలబడింది. పెద్దగా ఏడవలేదు. కర్మకాండ అయ్యాక వస్తానని చెప్పి వెళ్లింది.

నెలన్నర తర్వాత వచ్చింది. తండ్రి గీతల కాగితాలన్నీ కావాలని అడిగింది. చేరేటప్పుడు సంతకాలు పెట్టిన ఫారంలో, రోగి పోయాక రికార్డు ఇంటివాళ్లకు ఇస్తామని ఉంది.

"ఆకరి రోజుల్లో నాన్న మాటలంటే అయ్యేగదండి," అంది.

హైమవతి రెండు రోజులు గడువడిగింది. ఆ రెండు రోజులూ ఆమెకు నిద్ర లేదు. పోయిన మనిషికిచ్చిన మాట పోతుందా? చెప్పొద్దని ఆయన ఒక్కసారి కాదు, పదమూడు సార్లు చెప్పాడు. చివరికి తలుపు గడియ పెట్టుకుని, బుధవారం పొద్దుటి కాగితాలు ఒక్కొక్కటే తీసి సొరుగులో పెట్టి తాళం వేసింది. మిగతావి అట్టపెట్టెలో సర్ది చంద్రకళకు ఇచ్చింది.

చంద్రకళ అక్కడే బల్ల ముందు కూర్చుని కాగితాలు తిప్పసాగింది. ఆకుపచ్చ గీత ఉన్నచోటల్లా వేలితో తడుముతూ పోతోంది. నలభై యాభై కాగితాలయ్యాక వేలు ఆగింది. వెనక్కి తిప్పింది, మళ్లీ ముందుకు తిప్పింది. పోగులు లెక్క పెట్టే చేతులు అవి. మూలన ముద్రపడిన వరస సంఖ్యలు ఆమె కళ్లను దాటిపోలేదు.

"ఏడు కాయితాలు వరసగా ఉన్నాయండి. ఎనిమిదోది లేదు. మళ్లీ ఏడున్నాయి, మళ్లీ లేదు. ఇలాగే ఉందండి అంతా," అంది.

హైమవతి అబద్ధం వెతుక్కుంది. ఒక్కటీ దొరకలేదు. లేచి సొరుగు తాళం తీసి, కాగితాల కట్ట ఆమె ముందు పెట్టింది. తుఫాను నాటి బుధవారం దగ్గర నుంచి జరిగిందంతా చెప్పింది. ఆయన చెప్పొద్దన్నాడనీ, ఇంకో దారి తనకు తోచలేదనీ చెప్పింది. చెబుతున్నంతసేపూ చంద్రకళ తలెత్తలేదు. నీలం గీతలు ఒక్కొక్కటే చూస్తూ కూర్చుంది.

చివరి కాగితం కింద పెట్టి మాట్లాడింది. గొంతులో కోపం లేదు.

"రోజూ మా ఊళ్లో బస్సెక్కేటప్పుడు అనుకునేదాన్నండి. ఇయ్యాలైనా నాన్న వద్దంటే బాగుణ్ణు, ఈ బాద తీరిపోద్ది అని. అనుకున్నందుకు నన్ను నేనే తిట్టుకునేదాన్ని. ఇక్కడికొచ్చి ఉంటావా అంటే ఉంటాననేవాడు. మరి అంత ఆశ పెట్టుకున్నోణ్ణి ఎలా వదిలేస్తానండి. ఆయన ముందు ఇంకోలా ఎలా అడుగుతానండి."

చంద్రకళ నీలం గీతల కట్ట తన దగ్గరికి లాక్కుంది.

"నేను లేనప్పుడు మా నాన్నని విడిగా అడిగారు కదండి మీరు. నన్ను కూడా ఒక్కసారి అలాగ అడగాల్సిందండి."

బస్టాపు దగ్గర ఆ పిల్ల చెప్పబోయింది ఏమిటో హైమవతికి అప్పుడు అర్థమైంది. అప్పటికి వీరభద్రం ఇంకా బతకాల్సింది దాదాపు ఏడాది. వీపున పుళ్లు ఇంకా పడలేదు.

తప్పు నాదేనమ్మా అని హైమవతి అంది. చంద్రకళ కాగితాలన్నీ, ఆకుపచ్చవీ నీలంవీ, వరస సంఖ్యల ప్రకారం కలిపి పెట్టెలో సర్దుకుంది. వస్తానండీ అని చెప్పి, పెట్టె చంకన పెట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. ఆ తర్వాత ఆమె మళ్లీ ఆ ఆసుపత్రికి రాలేదు. ఉప్పాడ వెళ్లి కనపడాలని హైమవతి రెండు మూడుసార్లు బయల్దేరింది గానీ, దారిలో ఉన్న కొత్తపల్లి దాటి పోలేకపోయింది.

నైతిక సంఘం ముందు ఆమె తన నియమాన్ని తానే తప్పుపట్టింది. ఎవరి పేరూ చెప్పకుండా జరిగింది చెప్పింది. కొందరు ఒప్పుకోలేదు. రోగి వెనక మాట్లాడటం మళ్లీ మొదలైతే పాత రోజులొస్తాయన్నారు. అదీ నిజమే. రెండు నెలల వాదన తర్వాత చిన్న మార్పు ఒకటి జరిగింది. రోగి ఎదుట అందరూ కలిసి మాట్లాడుకునే ముందు, రోగినీ, బంధువునూ ఎవరికి వాళ్లను విడిగా ఒకసారి అడగాలి. ఆ చెప్పిన దాంట్లో ఎంత బయటికి రావాలో వాళ్లే చెబుతారు. ఆ కాగితం మీద సంతకం పెడుతున్నప్పుడు అధ్యక్షుడు ఈసారీ మెచ్చుకున్నాడు. హైమవతి వినిపించుకోనట్టు పెన్ను మూత పెట్టుకుంది.

మార్పు వచ్చాక మొదట వచ్చింది సామర్లకోట నుంచి ఒకావిడ. భర్త రైల్వేలో గ్యాంగ్‌మన్. మూడు వారాలుగా మిషను మీద ఉన్నాడు, టోపీ పెడితే వింటున్నాడని తేలింది. ఆవిడ మంచం వదిలి కదలదు. భర్త పాదాలకు కొబ్బరినూనె రాస్తూ, మీకేం ఫరవాలేదండీ, ఎన్నాళ్లయినా నేనున్నానండీ అని చెబుతూ ఉంటుంది. వార్డులో అందరూ ఆవిడ ఓపిక గురించి గొప్పగా చెప్పుకుంటారు.

హైమవతి ఆవిణ్ణి వరండా చివర మంచినీళ్ల కుండల దగ్గరున్న బెంచీ మీద కూర్చోబెట్టింది. వార్డు తలుపు మూయించింది. కుండలోంచి గ్లాసు నిండా నీళ్లు ముంచి ఇచ్చింది. ఆవిడ తాగాక, మీకేమనిపిస్తోందో చెప్పండి, ఆయన గురించి కాదు, మీ గురించి, అని అడిగింది.

ఆవిడ గ్లాసు రెండు చేతుల్తో పట్టుకుని, మూసిన తలుపు వైపు చూసింది.

"ఇక్కడ మాట్లాడితే ఆయనకి వినపడదు కదండీ?" అంది.